రెడ్ వైన్‌లో బీఫ్: వైన్ కన్నా ముందు సెగ సంగతి

ఫ్రాన్స్ తూర్పు భాగంలో దిజోన్, బోన్ పట్టణాల చుట్టూ ఉన్న ప్రాంతాన్ని బర్గండీ అంటారు. పినో నువార్ ద్రాక్షతో చేసే రెడ్ వైన్‌కీ, షారోలే అనే తెల్లని పశువులకీ ఆ నేల ప్రసిద్ధి. ఆ రెండూ ఒకే గిన్నెలో కలిసే వంటకం బెఫ్ బూర్గిన్యోన్. పెద్ద పెద్ద బీఫ్ ముక్కల్ని ఎర్రగా వేయించి, ఒక సీసా రెడ్ వైన్ పోసి, మూడు గంటల పాటు సన్న సెగ మీద మగ్గనిస్తారు. చెప్పడానికి ఇంతే. ఇంట్లో మొదటిసారి చేసినవాళ్లు మాత్రం తరచూ రెండు మాటలంటారు: ముక్క పీచులా ఎండిపోయింది, గ్రేవీ పుల్లగా వచ్చింది.

రెండు తప్పులూ వైన్ మీదికే పోతాయి. ఇంకాస్త ఖరీదైన సీసా కొనాల్సిందనుకుంటారు, లేదా వైన్‌లో రాత్రంతా నానబెట్టాల్సిందనుకుంటారు. నిజానికి ముక్క మెత్తబడటానికీ వైన్‌కీ సంబంధం చాలా తక్కువ. అది మీరు కొన్న మాంసం, మీరు పెట్టిన సెగ తేల్చే విషయం. వైన్ తేల్చేది గ్రేవీ రుచిని. ఈ రెండు పనుల్నీ విడివిడిగా చూస్తే ఈ వంట చుట్టూ ఉన్న గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

నీళ్లలో ఉన్న ముక్క ఎలా ఎండిపోతుంది?

చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఇదే. గిన్నె నిండా ద్రవం ఉంది, ముక్క అందులోనే మునిగి ఉంది, అయినా నమిలితే పొడిగా ఉంటుంది. కారణం మాంసం లోపలే ఉంది.

కొవ్వు లేని మాంసంలో బరువులో దాదాపు మూడొంతులు నీరే. ఆ నీరు కండ పోగుల్లో పట్టి ఉంటుంది. వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి పోగుల్లోని ప్రొటీన్లు బిగుసుకోవడం మొదలవుతుంది. 60 దాటాక పోగుల్ని చుట్టి ఉన్న పొరలు కూడా ముడుచుకుని ఆ నీటిని బయటికి పిండేస్తాయి. 70 దాటేసరికి పోగలిగిన నీటిలో చాలా భాగం పోయి ఉంటుంది. చుట్టూ ఎంత గ్రేవీ ఉన్నా, బిగుసుకున్న పోగుల్లోకి అది తిరిగి వెళ్లలేదు.

ఆ చుట్టుపొరల్లో ఉండేదే కొలాజెన్. పచ్చిగా ఉన్నప్పుడు అది గట్టి పదార్థం, పళ్లకు లొంగదు. తడి వేడిలో తగినంతసేపు ఉంచితే కరిగి జెలటిన్ అవుతుంది. పాయా తిన్నప్పుడు పెదవులకు అంటుకునే జిగురు అదే. కానీ ఈ మార్పు ఒక్కసారిగా జరగదు. 60ల్లో చాలా నెమ్మదిగా మొదలై, 70 దాటాక వేగం అందుకుంటుంది. 80, 90 డిగ్రీల మధ్య ఉంచినా గంటలు పడుతుంది.

అంటే ఒకే ముక్కలో రెండు పనులు వేర్వేరు వేగాల్లో నడుస్తున్నాయి. నీరు పోవడానికి నిమిషాలు చాలు, కొలాజెన్ కరగడానికి గంటలు కావాలి. అందుకే పొయ్యి మీద పెట్టిన గంటకి ముక్క తీసి కొరికితే పచ్చిగా ఉన్నప్పటికన్నా గట్టిగా ఉంటుంది. నీరు పోయింది, కొలాజెన్ ఇంకా కరగలేదు. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది టెన్షన్ పడి మంట పెంచుతారు. వంట చెడిపోయేది అక్కడే. మంట పెంచితే గ్రేవీ తెర్లుతుంది, కొలాజెన్ కొంచెం తొందరగా కరిగేమాట నిజమే, కానీ పోగులు అంతకన్నా ఎక్కువగా బిగుసుకుంటాయి. చివరికి ముక్క విడిపోతుంది, విడిపోయిన ప్రతి పోగూ పొడిగా ఉంటుంది.

సన్న సెగ మీద మూడు గంటలు ఉంచిన ముక్కలో కూడా పోగుల్లో మొదట ఉన్నంత నీరు ఉండదు. మనం రసం అనుకునేది అప్పటికి పోగుల చుట్టూ చేరిన జెలటిన్, కరిగిన కొవ్వు. నోటికి మెత్తగా, తడిగా తగిలేది అవే. కాబట్టి అసలు ప్రశ్న ఎంతసేపు ఉడికించాలన్నది కాదు. ముందు మీరు కొన్న ముక్కలో కరగడానికి కొలాజెన్ ఉందా అన్నది.

ఏ మాంసం కొనాలి

కొలాజెన్ ఎక్కువగా ఉండేది పశువు బాగా కదిలించే భాగాల్లో. భుజం, కాలి పిక్క, దవడ, ఛాతీ పక్కటెముకల దగ్గరి మాంసం. వీపు వెంట ఉండే మెత్తని కండ, అందరూ ఎక్కువ ధర పెట్టి కొనే భాగం, ఈ వంటకి పనికిరాదు. అందులో కరగడానికి ఏమీ లేదు, అందుకని మూడు గంటల తర్వాత మిగిలేది పిండేసిన పోగులే. ఖరీదు పెరిగిన కొద్దీ వంట బాగుంటుందన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్లు సూపర్ మార్కెట్లో ‘స్ట్యూ మీట్’ అని కోసి పెట్టిన ప్యాకెట్ కొనకపోవడమే మంచిది. అందులో ఏయే భాగాలు కలిశాయో తెలియదు, ఒక ముక్క ఉడికేసరికి ఇంకోటి చితికిపోతుంది. ‘చక్’ అనే భుజం మాంసం పెద్ద దిమ్మగా తెచ్చుకుని ఇంట్లో కోసుకుంటే సరిపోతుంది.

మన దగ్గర పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం. దుకాణాల్లో బీఫ్ పేరుతో, పెద్దకూర పేరుతో దొరికేది ఎక్కువగా గేదె, దున్న మాంసం. ఈ వంటకి అది బాగా పనికొస్తుంది. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. పశువు వయసు పెరిగే కొద్దీ కొలాజెన్ పోగుల మధ్య ముడులు గట్టిపడతాయి, కరగడానికి ఎక్కువ సేపు పడుతుంది. లేత పశువు మాంసాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిన ఫ్రెంచి, అమెరికన్ రెసిపీలు మూడు గంటలంటే, ముదురు దున్న మాంసానికి నాలుగు గంటలు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గడియారాన్ని కాదు, ముక్కను చూడాలి. ఫోర్క్ గుచ్చి తిప్పితే ముక్క అభ్యంతరం లేకుండా తిరగాలి, కానీ దానంతటది పొడి పొడి కాకూడదు. బీఫ్ తినని వాళ్లు ఇదే పద్ధతిలో పొట్టేలు భుజం, పిక్క వండుకోవచ్చు. సూత్రం ఒకటే, సమయం కొంచెం తగ్గుతుంది.

ముక్క పరిమాణం విషయంలో మన చేతి అలవాటు అడ్డొస్తుంది. కూరకి కోసినట్టు చిన్న ముక్కలు కోస్తే లోపలి దాకా తొందరగా ఎక్కువ వేడెక్కి ఎండిపోతాయి. కనీసం 5 సెంటీమీటర్ల ముక్కలు కావాలి. 1903లో ప్రసిద్ధ ఫ్రెంచి వంటగాడు ఒగుస్త్ ఎస్కోఫియే అచ్చు వేయించిన పద్ధతిలోనైతే మాంసాన్ని ముక్కలే చేయరు, పెద్ద దిమ్మగానే వండుతారు. ఇంట్లో అంత దూరం పోనక్కర్లేదు గానీ, ముక్క పెద్దదైతే రక్షణ ఎక్కువన్నది నిజం.

ఎర్రగా వేయించడం ఎందుకు

వేయిస్తే ముక్క చుట్టూ గోడలా ఏర్పడి రసాన్ని లోపలే ఆపుతుందని ఇప్పటికీ చాలామంది చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన అభిప్రాయమది. తప్పని తేలి చాలా కాలమైంది. వేయించిన ముక్క కూడా నీటిని వదులుతూనే ఉంటుంది. వేయించేది రుచి కోసం, రంగు కోసం. ముక్క పైభాగం 140 డిగ్రీలు దాటినప్పుడు ప్రొటీన్లూ చక్కెరలూ కలిసి కొత్త రుచుల్ని పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ వివరించిన ఈ చర్యకి ఆయన పేరే ఉండిపోయింది. ద్రవంలో ఉన్న ముక్క 100 డిగ్రీలు దాటదు కాబట్టి తర్వాత ఎంత ఉడికించినా ఈ రుచి అంతగా రాదు. ముందే తెచ్చుకోవాలి.

తడి ఉన్నంతవరకూ ముక్క పైభాగం 100 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ముక్కల్ని బట్టతో, టిష్యూతో బాగా అద్ది ఆరబెట్టాలి. గిన్నెలో ఇరుకుగా పడేయకుండా విడతలు విడతలుగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే అవి వదిలిన నీటిలోనే ఉడుకుతాయి, వేగవు. విసుగ్గా అనిపించే పనే. కానీ ఈ వంటలో ఇరవై నిమిషాలు ఓపిక పట్టాల్సిన చోటు ఏదైనా ఉందంటే ఇదే. ప్రతి ముక్కకీ ఆరు వైపులా రంగు రానక్కర్లేదు, రెండు మూడు వైపులు ముదురుగా వస్తే చాలు.

రాత్రంతా వైన్‌లో నానబెట్టే పద్ధతి బర్గండీ ఇళ్లలో ఉన్నదే. నా మటుకు నేను దాన్ని వదిలేయమనే చెబుతాను. వైన్ ముక్కలోకి కొన్ని మిల్లీమీటర్లకి మించి వెళ్లదు. పైగా ముక్క తడిసిపోయి సరిగా వేగదు. ముందురోజు చేయదగిన పని ఉప్పు పట్టించడం. కిలోకి 10 గ్రాముల ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెడితే అది లోపలికి వెళుతుంది, ముక్క నీటిని కొంత పట్టి ఉంచడానికీ తోడ్పడుతుంది.

వైన్ చేసే పని

సీసా తెరవగానే వచ్చే పూల వాసన, పండ్ల వాసన మూడు గంటల సెగ మీద చాలావరకు ఎగిరిపోతుంది. ఖరీదైన వైన్‌కి మీరు డబ్బు పెట్టేది సరిగ్గా ఆ వాసనల కోసమే. మిగిలేవి పులుపు, కొంచెం తీపి, వగరు. కాబట్టి వైన్‌ని ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ధర కాదు, ఎంత పుల్లగా, ఎంత వగరుగా ఉందన్నది.

పులుపు సంగతి ముందు చూద్దాం. వైన్‌లో లీటరుకి సుమారు 5 నుంచి 7 గ్రాముల ఆమ్లాలు ఉంటాయి. అందులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. మన చింతపండు పులుపుకీ అదే కారణం. నీరు, ఆల్కహాల్ ఆవిరవుతాయి, ఇది అవదు. 750 మిల్లీలీటర్ల వైన్, అర లీటరు బొక్కల రసం పోసి, చివరికి గ్రేవీ చిక్కబడాలని అర లీటరుకి మరిగించారనుకోండి. సీసాలో ఉన్న పులుపంతా ఆ అర లీటరులో చేరుతుంది. అది వైన్ కన్నా పుల్లగా ఉండటంలో వింతేముంది? గ్రేవీ పుల్లబడటానికి ఎక్కువసార్లు కారణం వైన్ నాసిరకం కావడం కాదు, మరీ ఎక్కువగా మరిగించడం. చిక్కదనం మైదాతో తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. వేయించిన ఉల్లిపాయల మీద రెండు చెంచాల మైదా చల్లి, పచ్చివాసన పోయేదాకా వేయించాక వైన్ పోయాలి.

ఈ పులుపు ఇంకో పని కూడా చేస్తుంది. పులుసులో ముక్కలు ఉడికాకే చింతపండు పులుసు పోయాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు, ముందే పోస్తే ముక్క గట్టిగా ఉండిపోతుంది. ఇక్కడ క్యారెట్ విషయంలో జరిగేదీ అదే. పులుపు ఉన్నచోట కూరగాయల్ని కట్టి ఉంచే పెక్టిన్ అంత తొందరగా కరగదు. అందుకే క్యారెట్, ఉల్లి రెండింటినీ వైన్ పోయకముందే వెన్నలో మెత్తబడేదాకా మగ్గించాలి. అలా మగ్గినప్పుడు బయటికి వచ్చే తీపే తర్వాత పులుపుని సర్దుతుంది.

ఇక వగరు. పినో నువార్ ద్రాక్షకి తోలు పల్చన, దాని వైన్‌లో వగరు తక్కువ. 1395లో బర్గండీ పాలకుడు ఫిలిప్, గామే అనే ద్రాక్షని పీకేయమని ఆజ్ఞ జారీ చేసి పినో వైపు మొగ్గాడు. తాగడానికి ఆ తీర్పు ఎలా ఉన్నా, గిన్నెలోకి గామే కూడా నిక్షేపంగా పనికొస్తుంది. దానిలోనూ వగరు తక్కువే, చౌక కూడా. నాసిక్, నంది హిల్స్ ప్రాంతాల నుంచి వచ్చే మన దేశపు రెడ్ వైన్లలో షిరాజ్, కాబర్నే సావిన్యోన్ ఎక్కువ. అవి వగరెక్కువ రకాలు. వాటితో చేయలేమని కాదు. ఓక్ పీపాల్లో ఎక్కువకాలం ఉంచిన రకాన్ని వదిలేసి, తేలిగ్గా ఉండేది చూసుకోవాలి. మన దగ్గర చౌకగా దొరికే తియ్యటి పోర్ట్ రకం వైన్ మాత్రం వద్దు, గ్రేవీ పాకంలా తయారవుతుంది.

వగరుని అదుపు చేసేది మళ్లీ జెలటినే. వగరు పదార్థాలకి ప్రొటీన్లతో కలిసిపోయే గుణం ఉంది. వైన్ తయారీదార్లు ఎక్కువైన వగరుని తీసేయడానికి వైన్‌లో కొంచెం జెలటిన్ కలపడం పాత పద్ధతి. కొలాజెన్ ఉన్న ముక్క వేస్తే మీ గిన్నెలోనూ అదే జరుగుతుంది. మంచి ముక్క కొనకుండా మంచి వైన్ కొనడం దండగ అనేది ఇందుకే. నల్లి బొక్కలు నాలుగైదు గంటలు మరిగించిన రసం పోస్తే ఇంకా మంచిది. స్టాక్ క్యూబుల్లో ఉప్పు చాలా ఎక్కువ, ద్రవం తగ్గే కొద్దీ అది భరించలేనంత అవుతుంది. రసం లేకపోతే నీళ్లే పోయండి.

ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుందా అని అడిగేవాళ్లు మన దగ్గర చాలామంది ఉంటారు, వాళ్లకి సూటిగా చెప్పాలి: పూర్తిగా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం అరగంట ఉడికితే 35 శాతం, గంటకి 25, రెండు గంటలకి 10, రెండున్నర గంటలకి 5 శాతం మిగిలి ఉంటుంది. 13 శాతం ఆల్కహాల్ ఉన్న సీసా మొత్తంలో సుమారు 77 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అందులో 5 శాతం అంటే 4 గ్రాముల లోపు. ఆరుగురికి వడ్డిస్తే ఒక్కొక్కరికి గ్రాము కూడా రాదు. మత్తు మాట అటుంచితే, మతం వల్లో ఆరోగ్యం వల్లో ఆల్కహాల్ ముట్టనివాళ్లకి మాత్రం ఏమీ మిగలదని చెప్పి పెట్టకూడదు. వడ్డించే ముందు చెప్పడం మన బాధ్యత.

గిన్నె, పొయ్యి

కిలోన్నర మాంసానికి ఒక సీసా వైన్, రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచా టమాటా పేస్టు, థైమ్, పార్స్‌లీ కాడలు. ఫ్రెంచివాళ్లు మొదట 150 గ్రాముల పంది కొవ్వుమాంసం వేయించి ఆ కొవ్వులో మిగతావి వేయిస్తారు. పంది మాంసం తినకపోతే నూనె, వెన్న వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: రెసిపీలో బే ఆకు అని ఉంటే మన బిర్యానీ ఆకు వేయకండి. మనది దాల్చినచెక్క జాతి చెట్టు ఆకు, ఫ్రెంచివాళ్లది వేరే చెట్టుది. గ్రేవీకి బిర్యానీ వాసన పట్టేస్తుంది. దొరక్కపోతే మానేయడమే నయం.

గిన్నె మందంగా ఉండాలి, స్టీలుదో ఎనామెల్ పూత ఉన్న ఇనుముదో కావాలి. మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం పాత్రలో గంటల తరబడి పులుపు ఉడికించకూడదు, పూత లేని ఇనప మూకుడులోనూ అంతే. లోహం కరిగి గ్రేవీలోకి వస్తుంది. ముక్కలు వేగాక గిన్నె అడుగున ముదురు గోధుమ రంగు పొర పట్టి ఉంటుంది. అది మాడనంతవరకూ కడిగి పారేయకండి, గ్రేవీ రుచి అక్కడే ఉంది. వైన్ పోసి గరిటెతో గీకితే అంతా కరిగి వస్తుంది. ఆ వైన్‌ని సగం అయ్యేదాకా మూత లేకుండా మరిగించి, తర్వాత రసం పోసి, ముక్కలు వేసి, సెగ తగ్గించాలి.

ఓవెన్ ఉంటే 140 డిగ్రీల దగ్గర, మూత కొంచెం వారగా పెట్టి ఉంచడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. మూత సందులోంచి ఆవిరి పోతూ ఉండటం వల్ల లోపలి ద్రవం తెర్లదు. మూత గట్టిగా బిగిస్తే అదే ఓవెన్‌లో కొంతసేపటికి తెర్లడం మొదలవుతుంది. గ్యాస్ పొయ్యి మీదైతే చిన్న బర్నర్ మీద పాత దోసె పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టండి, బిర్యానీ దమ్ముకి పెట్టినట్టే. అక్కడక్కడా ఒక్కో బుడగ పైకి రావాలి, అంతే.

ప్రెషర్ కుక్కర్ మాటేమిటి? పనవుతుంది. లోపల దాదాపు 120 డిగ్రీలుంటుంది కాబట్టి కొలాజెన్ 45 నిమిషాల నుంచి గంటలో కరుగుతుంది. అయితే పోగులు కూడా అంతే గట్టిగా నీటిని పిండేస్తాయి, ముక్క అంచులు పీచు పీచుగా వస్తాయి. ఆవిరి పెద్దగా బయటికి పోదు కాబట్టి వైన్‌ని ముందే సగానికి మరిగించడం తప్పనిసరి, లేకపోతే ఆల్కహాల్ ఘాటు అలాగే ఉండిపోతుంది. మంటాపాక ప్రెషర్‌ని దానంతటదే దిగనివ్వండి. విజిల్ ఎత్తి ఒక్కసారిగా వదిలితే లోపల ద్రవం భగ్గున తెర్లి ముక్కలు ఇంకా ఎండుతాయి. గట్టి దున్న మాంసం ఉండి, సమయం లేనప్పుడు ఈ దారి తొక్కడంలో తప్పేమీ లేదు.

పుట్టగొడుగులు, చిన్న ఉల్లిపాయలు చివర్లో కలపాల్సినవి. ఫ్రెంచివాళ్లు వాడే బుల్లి ఉల్లిపాయలకి బదులు సాంబారు ఉల్లిపాయలు చక్కగా సరిపోతాయి. రెండిటినీ విడిగా వెన్నలో ఎర్రగా వేయించి, వడ్డించే ముందు అరగంట గిన్నెలో ఉంచితే చాలు. మొదటి నుంచీ వేస్తే వాటి రుచి తెలియకుండా పోతుంది.

ఇది మర్నాటికి ఇంకా బాగుంటుంది. ముక్కలు గ్రేవీలోనే చల్లారితే జెలటిన్ చిక్కబడి పోగుల్ని పట్టుకుంటుంది, వేడి చేసినప్పుడు ముక్క చెదరదు. కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది, చెంచాతో తీసేయవచ్చు. మన ఎండలకి మాత్రం గిన్నెని రాత్రంతా పొయ్యి మీద వదిలేయకూడదు. వెడల్పాటి పాత్రలోకి మార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు సన్న సెగ మీద వేడి చేసి, రుచి చూసి, అప్పుడు ఉప్పు సరిచూసుకోండి. ఇంకా పుల్లగా ఉంటే ఒక చిన్న ముద్ద వెన్న, అరచెంచా పంచదార వేయండి. ఉడికించిన బంగాళాదుంపలతో, బ్రెడ్‌తో తినడం అక్కడి అలవాటు, వేడి అన్నంలోకి కూడా బాగుంటుంది.

ముక్కలు అయిపోయి గ్రేవీ మిగిలితే బర్గండీలోనే దానికి దగ్గరి చుట్టం లాంటి వంటకం ఒకటుంది, ఉఫ్ అన్ మొరెత్. రెడ్ వైన్ సాస్‌లో పెంకు లేకుండా, చెదరకుండా వండిన గుడ్లు. మిగిలిన గ్రేవీని కొంచెం నీళ్లతో పల్చన చేసి వేడెక్కాక సెగ తగ్గించి, గుడ్లు ఒక్కొక్కటే పగలగొట్టి అందులో జారవిడవండి. మూడు నాలుగు నిమిషాల్లో తెల్లసొన గట్టిపడి, పచ్చసొన ఇంకా జారుతూ ఉంటుంది. వెల్లుల్లి రుద్దిన కాల్చిన బ్రెడ్ మీద వేసుకుని వెంటనే తినాలి.